దాలినాయుడు తాత అడిగిన మాట

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేదమ్మా. ఆ ఊరికి చిలకమ్మ అనే పిల్ల కోడలిగా వచ్చింది. వచ్చి ఏడాదే అయింది. అమ్మానాన్న లేరని చెల్లెలు నీలమ్మని కూడా తన దగ్గరే పెట్టుకుంది.

ఆ ఊరివాళ్ళు సంతకెళ్ళాలంటే ఏరు దాటాలి. వంతెన లేదు. ఒక్క చోట మాత్రం నీళ్ళు మోకాలి దాకానే ఉండేవి. ఆ చోటు తెలిసినవాడు దాలినాయుడు తాత. ఆయన కర్ర పట్టుకుని ముందు నడిస్తే, వెనక అందరూ వరసగా నడిచేవాళ్ళు. నలభై ఏళ్ళలో ఒక్కరి కాలూ జారలేదు.

ఒక ఏడు పెద్ద వరదొచ్చింది. ఆ తర్వాత నీళ్ళు తగ్గాయి. అప్పుడు చిలకమ్మ గడ్డి కోయడానికి ఒడ్డుకెళ్ళింది. సరిగ్గా ఆ దాటే చోటే ఒక గేదె నీళ్ళలోకి దిగింది. నడిమికి వెళ్ళిందో లేదో మునిగిపోయి, ముట్టె ఒక్కటే పైకెత్తి ఈదుకుంటూ పోయింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. "మావా, ఇసక జరిగిపోయినట్టుంది. అక్కడిప్పుడు లోతు."

అతను అన్నం కలుపుతూ తలైనా ఎత్తలేదు. "తాత కంటే నీకెక్కువ తెలుసా? బయట అనకు, నలుగురూ నవ్వుతారు."

ఆ తర్వాత బట్టలుతికే చోట ఆడవాళ్ళకి చెప్పింది. వాళ్ళు నిజంగానే నవ్వారు. "నిన్నగాక మొన్నొచ్చి మన ఏరు మనకే చూపిస్తోంది" అన్నారు. ఆ నవ్వు విన్నాక చిలకమ్మకి తన కళ్ళ మీదే అనుమానమొచ్చింది. గేదె పక్కగా దిగిందేమో. నేనే సరిగా చూళ్ళేదేమో.

సంతరోజు అందరూ ఒడ్డున చేరారు. నీలమ్మ వంకాయల గంప నెత్తినెత్తుకుంది. తాత నీళ్ళకేసి చాలాసేపు చూశాడు. అప్పుడు వెనక్కి తిరిగి, "ఎవరికైనా అనుమానముందా అమ్మా?" అని అడిగాడు.

అందరూ చిలకమ్మకేసి చూశారు. మొగుడూ చూశాడు. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"లేదు తాతా" అంది.

తాత దిగాడు. వెనక నీలమ్మ దిగింది. నడిమికి వెళ్ళేసరికి ఇద్దరి కాళ్ళ కిందా నేల లేదు. మగవాళ్ళు దూకి తాతని ఒడ్డుకి లాగారు. నీలమ్మ మూడో రోజుకి గాని దొరకలేదు.

ఏటితల్లికి కోపమొచ్చిందని ఊరంతా అనుకున్నారు. "నేను ముందే చెప్పాను కదా" అంది చిలకమ్మ. "మాతో ఎప్పుడన్నావు?" అన్నారు ఆడవాళ్ళు. మొగుడు నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు చిలకమ్మ కడుపుమంటతో తాత ఇంటికెళ్ళింది. ఆయన గోడవైపు తిరిగి మంచంలో పడుకునున్నాడు. ఇటు తిరక్కుండానే చెప్పాడు.

"సంతకి ముందురోజు నేను దిగి చూశానమ్మా. కాలికి ఇసక తగల్లేదు. ముసలి కాలు, నాదే పొరపాటేమో అనుకున్నా. ఊరంతా నన్నే నమ్ముకుంది, దారి తెలీదని ఎలా అనేది? ఒక్కరైనా అనుమానమంటే ఆగిపోదామనే అడిగాను."

తిట్టాలని వెళ్ళిన చిలకమ్మకి ఒడ్డున తనన్న "లేదు తాతా" గుర్తొచ్చింది. గుమ్మంలోనే కూలబడిపోయింది.

ఇది కథేగా, కళ్ళు తుడుచుకో బంగారూ. ఇలా దగ్గరికి జరుగు.

కథేమో కంచి దారి పట్టింది,
మా పాపకేమో నిద్దర పట్టింది.