చెంపమీద మసి

ఏలూరులో గఫూర్ తివాచీల కార్ఖానాలో ముప్ఫైమంది నేతగాళ్లు. అతను గుమ్మంలో కాలు పెడితే చాలు, అప్పటిదాకా కబుర్లాడుకుంటున్న వాళ్లంతా చప్పున నోరు మూసేసేవాళ్లు. అది క్రమశిక్షణ అనుకుని గఫూర్ చాలాకాలం మురిసిపోయాడు.

అతనికో ఊతపదం ఉంది. "నిన్నడిగానా?" రంగు కుదరలేదన్నవాడికీ అదే జవాబు, దారం నాసిరకమన్నవాడికీ అదే.

ఈ ఏడాది ముగ్గురు మంచి పనివాళ్లు చెప్పాపెట్టకుండా మానేశారు. గఫూర్‌కు దిగులు పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే కార్ఖానా గోడ పక్కనే ఉన్న దర్గాకు వెళ్లి, తన గురువు యూసుఫ్ షా ముందు కూర్చున్నాడు.

"హజ్రత్, అంతమంది మధ్య ఉంటాను. నాతో మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. ఇలా ఒక్కొక్కరే పోతే చివరికి నేనూ మగ్గాలూ మిగులుతాం. నా తప్పేమిటో చెప్పే దిక్కు కూడా లేదు."

షా గారు కట్టెలపొయ్యి మీద వండిన డేగిసా అడుగు రుద్దుతున్నారు. ఆ చేత్తోనే గఫూర్ చెంప నిమిరారు. దీవెన అనుకుని అతను కళ్లు మూసుకున్నాడు.

"పని చూసుకుని మధ్యాహ్నం నమాజుకు రా, బేటా."

గఫూర్ ఆ పూట ప్రతి మగ్గం దగ్గరా నిలబడ్డాడు. అందరూ సలాం చేసి, తల వంచుకుని ముళ్లు వేసుకున్నారు.

మధ్యాహ్నం నమాజుకు ముందు దర్గా కుళాయి దగ్గర వజూకని కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుంటుంటే ముఖం మీంచి నీళ్లు నల్లగా దిగాయి. పక్క కుళాయి దగ్గర మీరావలి ఉన్నాడు. కార్ఖానాలో అందరికంటే పాత నేతగాడు.

"పొద్దున నా మొహాన ఈ మసి చూశావా?"

"చూశాను సాబ్."

"మరి చెప్పలేదేం?"

"మీరడగలేదు కద సాబ్."

ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండుననిపించింది గఫూర్‌కు.

లోపల వరుసల్లో నిలబడ్డారు. కార్ఖానావాళ్లంతా వచ్చారు. గఫూర్‌కు అటొక మనిషి, ఇటొక మనిషి పట్టేంత జాగా వదిలారు. మర్యాదకని ఎప్పుడూ అంతే వదులుతారు. ఇన్నేళ్లలో అతను గమనించింది ఇవాళే.

షా గారు ముందు నిలబడి, వెనక్కి తిరిగి, రోజూ చెప్పేదే చెప్పారు.

"భుజానికి భుజం ఆనించండి. మధ్యలో ఖాళీ ఉంచకండి."

ఎవరూ కదల్లేదు.

గఫూరే మీరావలి వైపు జరిగాడు. భుజం తగిలాక మెల్లగా అడిగాడు.

"ఇంకా ఉందా?"

మీరావలి తల తిప్పి చూశాడు.

"చెవి కింద కొంచెం ఉంది సాబ్."