రాగి కప్పు కింద వరిగడ్డి

ఎండలకు పేరుపడ్డ ఒకానొక రాజ్యంలో ప్రతాపకేతుడనే రాజు ఉండేవాడు. ఆయన తన మేడకు రాగిరేకుల కప్పు వేయించుకున్నాడు. అది ధగధగలాడుతుంటే చూసుకుని మీసం దువ్వుకునేవాడు. ఎదుటి వీధిలోని పూరిళ్లు మాత్రం ఆయన కంట్లో నలుసయ్యాయి.

"మూడు రోజుల్లో ఆ గడ్డికొంపలన్నీ కూల్చెయ్యండి" అని ఆజ్ఞాపించాడు.

ఆస్థాన విదూషకుడు సింగన ఆ వీధిలోనే పుట్టాడు. అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచీ అతనికి కాలు నిలవలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు.

రాజుకూ నిలకడ లేదు, కారణం వేరు. మధ్యాహ్నమైతే ఆయన పడకగది కుంపటిలా ఉండేది.

"నా కప్పు ముట్టుకోకుండా ఈ గది చల్లబరిస్తే ఏం కోరితే అది ఇస్తాను" అన్నాడు.

"లోపలినుంచే చల్లబరుస్తాను ప్రభూ" అన్నాడు సింగన.

వెంటనే తన వీధివాళ్లను రప్పించాడు. కప్పుకు మూరెడు కిందగా వెదురు తడకలు కట్టించి, వాటి మీద జానెడు మందాన వరిగడ్డి పరిపించాడు. గడ్డి కనబడకుండా అడుగున ఎర్రపట్టు బిగించాడు. మూడో రోజు మధ్యాహ్నం రాజు గురకపెట్టి నిద్రపోయాడు. గుమ్మం బయట సింగన మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. ఇంకాసేపట్లో భటులు గడ్డపారలు పట్టుకుని బయలుదేరతారు.

రాజు లేచి మీసం సవరించుకోబోతే, పట్టు అంచులోంచి జారిపడ్డ గడ్డిపోచ చేతికి తగిలింది.

"నా తల మీద గడ్డా? ఇప్పుడే పీకించు."

"చిత్తం. అయితే తమరు దగ్గరుండి చూడాలి. లేకపోతే ఈ పనివాళ్లు ఒకటో రెండో పోచలు మిగిల్చేస్తారు."

పావు వంతు తీసేసరికి రాజు ఉత్తరీయం తీసేశాడు. సగం తీసేసరికి కిరీటం ఒళ్లోకి వచ్చింది. చెమట మీసాల మీదుగా కారుతోంది.

"ఇక చాలు."

"ఇంకా సగం ఉంది ప్రభూ."

"చాలన్నాను కదా. తీసింది మళ్లీ పెట్టించు."

"పెట్టిస్తాను. కానీ పెట్టేవాళ్ల ఇళ్లే ఈ సాయంత్రం కూలుతున్నాయి. వాళ్ల కప్పూ ఈ గడ్డే ప్రభూ. మీ గడ్డికి అడుగున పట్టుంది, వాళ్ల గడ్డికి లేదు. అంతే తేడా."

రాజు పైకి చూశాడు, కిటికీలోంచి పూరిళ్లకేసి చూశాడు. నవ్వు ఆగలేదు. నవ్వుతూనే భటులను ఆపమని కబురు పంపి, తన ముత్యాల హారం తీసి సింగన మెడలో వేశాడు.

"ఇంకేం కావాలో కోరుకో."

"మూడు రోజులైంది ప్రభూ," అన్నాడు సింగన, "కాస్త కూర్చోనివ్వండి."