గద్దకనుమ దారి రాళ్ళు

మేడిగిరి రాజ్యాన్ని జయకేతు భూపతి ఏలుతున్న రోజులవి. ఆయన చెడ్డవాడేమీ కాదు. పన్నుల కోసం జనాన్ని పీడించేవాడు కాదు, వానలు పడకపోతే నిజంగానే దిగులుపడేవాడు. ఆయనకున్న జబ్బల్లా తన పేరు. కోటగుమ్మం మీద ఆయన పేరే, పట్టపుటేనుగు నుదుటి మీద ఆయన పేరే, చివరికి వంటశాలలో గంగాళాల లోపలి అంచున కూడా ఆయన పేరే. పులుసు కలిపేటప్పుడు ఆ అక్షరాలకు గరిటె తగలకూడదని వంటవాళ్ళకు ఒక ఆజ్ఞ కూడా ఉండేది.

ఆయన కొలువులో దోనయ్య అని ఒక ఉద్యోగి. జనం పంపుకున్న విన్నపాలను రాజుకు చదివి వినిపించడం అతని పని. విన్నపంలో ఏడుపు ఉంటే ఉన్నదున్నట్టు చదివేవాడు, కోపం ఉంటే కాస్త మెత్తబరిచి చదివేవాడు. ఇరవై ఏళ్ళుగా అతని తల మెడ మీద నిలిచి ఉండడానికి ఆ నేర్పే కారణమని తోటివాళ్ళు అనుకునేవారు.

ఒక ఏడు పొరుగురాజు దండెత్తి వచ్చాడు. రాజ్యం పొలిమేరలో కొండల మధ్య గద్దకనుమ అనే ఇరుకుదారి ఉంది. అది దాటితే శత్రువు నేరుగా కోట ముందుకు వచ్చేస్తాడు. నలభై ముగ్గురు సైనికులు తొమ్మిది రోజులు ఆ కనుమకు అడ్డంగా నిలబడ్డారు. రాజు కూడా పల్లకిలో వెంట బయలుదేరిన పెద్ద సైన్యం పదో రోజున వెళ్ళి శత్రువును తరిమికొట్టింది. నలభై ముగ్గురిలో తిరిగి వచ్చింది పదకొండు మంది. వారిలో ఒళ్ళు పూర్తిగా మిగిలినవాళ్ళు నలుగురే.

పోయిన ముప్పై ఇద్దరి పేర్లూ కోటగుమ్మం దగ్గర నిలబడి ఇళ్ళవాళ్ళకు చదివి వినిపించింది దోనయ్యే. ఆ తర్వాత వారం రోజులు అతనికి అన్నం సయించలేదు.

గెలుపుకు గుర్తుగా రాజు కోట నుంచి కనుమ అవతలి కొస దాకా చక్కటి రహదారి వేయించాడు. కోసుకొకటి చొప్పున పన్నెండు రాళ్ళు పాతించాడు. ఇక వాటి మీద పేర్లు చెక్కడమే తరువాయి.

ఆ సమయంలో ఓబులేసు అనే సైనికుడు చంకకర్ర సాయంతో కొలువుకు వచ్చాడు. కనుమలో అతని ఎడమకాలు మోకాలి కిందికి పోయింది. అతను తెచ్చిన విన్నపాన్ని దోనయ్య చదివాడు.

"కనుమలో ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లు, కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళ పేర్లు ఆ దారి రాళ్ళ మీద ఉండాలని మా కోరిక. మాకు ఇంకేమీ వద్దు."

ఆస్థాన పండితుడు సోమయాజులు ముఖం చిట్లించాడు. "రాజమార్గానికి బంట్ల పేర్లా? ప్రభువులకు పన్నెండు బిరుదులున్నాయి. రాళ్ళు కూడా పన్నెండే. ఇది దైవసంకల్పం."

నిజానికి బిరుదులు పదకొండే. పన్నెండోది ఆయన ఆ మాట అంటూ అంటూ కల్పించాడు.

రాజు మీసం సవరించుకున్నాడు. "దోనయ్యా, నీవేమంటావు?"

"సోమయాజులుగారి మాట ముమ్మాటికీ సబబు ప్రభూ," అన్నాడు దోనయ్య. ఓబులేసు అతని వంక తేరిపార చూశాడు. ఆ చూపు తగిలినా దోనయ్య తల తిప్పలేదు. "కాకపోతే చిన్న చిక్కు. ఉత్త బిరుదు చెక్కితే దారిన పోయేవాడు ఇదెందుకు వచ్చిందని అడుగుతాడు. యుద్ధకాలంలో ప్రభువులు ఆ చోట ఏం చేశారో బిరుదు కింద ఒక్క ముక్క చెక్కిస్తే నోళ్ళు మూతపడతాయి."

"భేష్," అన్నాడు రాజు.

"రాతి మీద చెక్కేది కనుక నిజం తప్ప మరొకటి చెక్కరాదని ఆజ్ఞ వేస్తే ఇంకా మంచిది. ఏలినవారే స్వయంగా దారి వెంట వచ్చి చెబుతారు, శిల్పి రాసుకుంటాడు. ఈ ఓబులేసుకు ఆ దారి బాగా తెలుసు, తోడు వస్తాడు."

రాజు అప్పటికప్పుడే ఆజ్ఞ రాయించి ముద్ర వేశాడు.

బయటికి వచ్చాక ఓబులేసు నిలదీశాడు. "ఏందయ్యా, మా విన్నపం చదివిన నోటితోనే మా గొంతు కోస్తివే."

"రేపు నువ్వు రా," అన్నాడు దోనయ్య. "అడిగినదానికి జవాబు చెప్పు. ఒక్క మాట ఎక్కువ వద్దు, ఒక్క మాట తక్కువ వద్దు."

మర్నాడు పొద్దున్నే ఊరేగింపు బయలుదేరింది. రాజు పల్లకిలో, పండితుడు గుర్రం మీద, ఓబులేసు ఎడ్లబండిలో, మిగిలినవాళ్ళు కాలినడకన. మొదటి రాయి దగ్గర శిల్పి కాశప్ప సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ 'శత్రుగజ సింహం' అన్న బిరుదు," అన్నాడు దోనయ్య. "ఆనాడు ప్రభువులు ఈ చోట ఏం చేశారు?"

రాజు చాలాసేపు ఆలోచించాడు. "ఇక్కడ పల్లకి బోయీలు మారారు."

కాశప్ప సుద్దతో రాశాడు. దోనయ్య విన్నపం చదివే గొంతుతోనే పైకి చదివాడు. "శత్రుగజ సింహం. ఇక్కడ మహారాజుగారి బోయీలు మారారు."

"కొంచెం అలంకరించవచ్చు," అన్నాడు సోమయాజులు. దోనయ్య ఆజ్ఞ మీద ముద్ర చూపించాడు. పండితుడు గుర్రాన్ని రెండడుగులు వెనక్కి నడిపించాడు.

రెండో రాయి దగ్గర 'రణరంగ భీముడు' పెరుగన్నం తిన్నాడు. అది ఎండకు పులిసిందని కూడా రాజు నిజాయితీగా ఒప్పుకున్నాడు. మూడో రాయి దగ్గర కునుకు తీశాడు. నాలుగో రాయి దగ్గర, యుద్ధం గెలిస్తే ఏ బిరుదు ధరించాలా అని పండితుడితో కలిసి సాయంత్రం దాకా చర్చించాడు. అయిదో రాయి దగ్గర ఆయనకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. బోయీలు నవ్వు ఆపుకోలేక పల్లకిని ఊపేస్తున్నారు.

ఆరో రాయి ఇసుకవాగు ఒడ్డున ఉంది. రాజు గొంతు తగ్గించాడు. "ఇక్కడి నుంచి నేను వెనక్కి తిరిగాను. వాగులో నీళ్ళు ఎక్కువగా ఉన్నాయన్నారు."

కాశప్ప అమాయకంగా అడిగాడు. "మరి అవతల ఆరు రాళ్ళకూ ఏం రాయను ప్రభూ?"

దోనయ్య ఓబులేసు వైపు తిరిగాడు. "ఆ రోజు వాగు ఎంత లోతు?"

"మొలలోతు."

"మీరెట్లా దాటారు?"

"బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని."

రాజు ఏమనుకున్నాడో, "అవతలికి పదండి," అన్నాడు. ఆ రాత్రికి వాగు అవతల, కనుమ మొదలయ్యే చోట డేరాలు వేశారు. తెల్లవారాక దోనయ్య ఏమీ అడగలేదు. అడిగింది రాజే.

"ఓబులేసూ, ఏడో రాయి దగ్గర ఏం జరిగింది?"

"కదిరప్పకు ఇక్కడ బాణం తగిలింది దొరా. నీళ్ళ కావడి మోసుకొస్తున్నాడు. కావడి దించి, కుండలు పగలకుండా పక్కన పెట్టి, అప్పుడు పడిపోయాడు."

"ఎనిమిదో రాయి?"

"హుసేనుకు రెండు కళ్ళూ పోయింది ఇక్కడే. ఆ తర్వాత కూడా మూడు రోజులు కూర్చుని, చేత్తో తడిమి తడిమి మాకు బాణాలు అందించాడు. ఇప్పుడు వాళ్ళ అన్న ఇంట్లో ఉన్నాడు. బుట్టలు అల్లుతున్నాడు."

పదో రాయి వచ్చేసరికి రాజు అడగకముందే ఓబులేసు అన్నాడు. "ఇది నాది దొరా."

"నీదేమిటి?"

"నా కాలు. ఈ రాయి కిందనే ఎక్కడో ఉండాలి. కాశప్ప గట్టిగా కొడితే నాకు నొప్పెడుతుందేమో."

రాజు నవ్వబోయి నవ్వలేకపోయాడు. పల్లకి ఆపించి దిగాడు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి, దారి వంక చూశాడు. ఉప్పు బస్తాలతో ఒక గాడిదల మంద పోతోంది. ఒక గాడిద ఆగి రాయికి వీపు రుద్దుకుంది.

"చూశావా," అన్నాడు రాజు. "రేపు నీవాళ్ళ పేర్ల గతి ఇదే. జనం పట్టించుకోకుండా నడిచిపోతారు. అది మర్యాదేనా?"

"జనం నడవాలనే కదా దొరా మేం అడ్డం నిలబడింది," అన్నాడు ఓబులేసు. "వీళ్ళు ఇట్లా పోతా ఉంటే మావాళ్ళకు అదే చాలు."

రాజు గాడిదల మంద మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత దోనయ్య వైపు తిరిగాడు. "నా ఆజ్ఞతోనే నన్ను కట్టేశావు. ఇప్పుడు పెరుగన్నం, ఎక్కిళ్ళు రాతి మీద చెక్కించాల్సిందేనా?"

"ముద్ర పడిన ఆజ్ఞ ప్రభూ, నేను చెరపలేను. అయితే ఏలినవారే ఒక్క మాట మార్చితే సరిపోతుంది. 'ప్రభువులు చేసిన పని' అన్నచోట 'ఎవరు చేస్తే వారి పని' అని."

రాజు పెద్దగా నవ్వేశాడు. సోమయాజులు కూడా నవ్వాలా వద్దా అని తేల్చుకునేలోపే, రాజు తన భుజాన ఉన్న పట్టుశాలువా తీసి దోనయ్యకు కప్పాడు. ముప్పై ఇద్దరి పేర్లూ, గాయపడిన ఏడుగురి పేర్లూ పన్నెండు రాళ్ళ మీదా చెక్కాలనీ, చెక్కడం పూర్తయిన రోజున ఇళ్ళవాళ్ళందరి ముందూ దోనయ్యే వాటిని చదవాలనీ అక్కడికక్కడే చెప్పాడు. "ఈసారి మెత్తబరచకు. గట్టిగా చదువు," అన్నాడు.

తర్వాత ఓబులేసును పల్లకి ఎక్కించి, తాను పక్కన నడవసాగాడు. పాపం, అలవాటు లేని కాళ్ళు. కోసు దూరం కూడా గడవకుండానే బొబ్బలెక్కాయి.

"దొరా, బండి ఎక్కండి," అన్నాడు ఓబులేసు పల్లకిలోంచి. "మీరు కుంటుతుంటే చూడలేకున్నా."

రాజు బండిలో చతికిలబడి, పాదాలు పట్టుకుని కాసేపు మూలిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "దోనయ్యా, ఇంత పెద్ద దారిలో నాకు ఒక్క రాయి కూడా రాదా?"

"ఎందుకు రాదు ప్రభూ? పదమూడో రాయి నిలుపుదాం. 'మహారాజు జయకేతు భూపతి పల్లకి దిగి ఈ దారిన నడిచాడు.' అక్షరాలా నిజం."

రాజు ముఖం వెలిగిపోయింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు కాశప్పను దగ్గరికి పిలిచి, ఇంకెవరికీ వినబడకుండా అన్నాడు.

"ఎంత దూరం నడిచానో మాత్రం చెక్కకు."