పసిబిడ్డకైనా పట్టించొచ్చు!

సత్తుపల్లి దాటాక జామాయిల్ తోటల మధ్య ఉండే ఒక చిన్న ఊళ్లో కోటిలింగం అనే తైలాల వ్యాపారి ఉండేవాడు. అతని తైలంలో రవ్వంత కల్తీ ఉండేది కాదు గానీ, అతని మాటకు మాత్రం పట్టపగ్గాలు ఉండేవి కావు.

జామాయిల్ దుంగలు లారీలకెక్కి కాగితం మిల్లులకు వెళ్లిపోయాక, కొమ్మలూ ఆకులూ తోటల్లో ఊరికే ఎండిపోయేవి. కోటిలింగం ఆ ఆకు ఏరి తెచ్చి, పెరట్లో బట్టీ పెట్టి, పెద్ద డ్రమ్ములో ఉడికించి ఆవిరి పట్టేవాడు. ఆవిరి చల్లారితే నీటిమీద తైలం తేటగా తేలేది. మిగిలిన పిప్పిని ఎండబెట్టి మళ్లీ అదే బట్టీలో మంటకు వాడేవాడు. ఖాళీ గాజు సీసా తెచ్చిస్తే కడిగి నింపి ఇచ్చేవాడు. ప్లాస్టిక్ ముట్టేవాడు కాదు, రంగు కలిపేవాడు కాదు, సెంటు కలిపేవాడు కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, బంగారంలాంటి సరుకు! ఖమ్మం నుంచీ హైదరాబాదు నుంచీ జనం ఆర్గానిక్, ఆర్గానిక్ అంటూ కార్లేసుకుని వచ్చి కొనుక్కుపోయేవారు.

మరి అంత మంచి సరుకు చేతిలో పెట్టుకున్నవాడు నోరు కాస్త అదుపులో పెట్టుకోవద్దూ? అబ్బే! తలనొప్పా? తైలం. మోకాళ్ల నొప్పులా? తైలం. చుండ్రా, దోమలా, నిద్రపట్టదా? అన్నింటికీ తైలమే. ఎవరైనా కాస్త అనుమానంగా చూస్తే, "చెట్టులోంచి వచ్చిందండీ, చెడు ఎలా చేస్తుంది?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. తెలిసినదానికీ తెలియనిదానికీ ఒకే గొంతుతో జవాబు చెప్పేవాడు.

అతని భార్య భ్రమరాంబ మాత్రం వెనకే గొణుగుతూ ఉండేది.

"ఏమయ్యా, మొన్న మూత ఊడి నీ ముంజేతిమీద ఒలికితే మంట మంట అని ఇల్లంతా గెంతావుగా. రెండు చుక్కలు కొబ్బరినూనెలో కలుపుకుని పెద్దవాళ్లు రాసుకోవాలి, పిల్లలకు అందకుండా పెట్టుకోవాలి అని ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"నువ్వొకదానివి! అన్ని జాగ్రత్తలు చెబితే జనం సీసా కొంటారా, దణ్ణం పెట్టి పోతారా?"

"చెప్పకపోతే రేపెవరికైనా ఏమన్నా అయితే?"

"శుభమా అని సంతకు బయల్దేరుతుంటే ఈ అపశకునం మాటలేంటే!" అని కసిరేసి ఆటో ఎక్కేవాడు.

ఆ ఆటోమీద ఒక మైకు కట్టించాడు. తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. ఆటో ఎక్కడ ఆగితే అక్కడ అది ఆగకుండా అరిచేది: "రండమ్మా రండి! మందుల్లేని తైలం, కల్తీ లేని తైలం! కోటిలింగం జామాయిల్ తైలం! పసిబిడ్డకైనా పట్టించొచ్చు!"

ఆ ఆఖరి ముక్క ఎక్కడిదని అడక్కండి. ఎవరో పాలపిండి అమ్మేవాడు అలా అంటుంటే విన్నాడట. బాగుందనిపించి తన దాంట్లోనూ చేర్చేశాడు. అంతే! అంతకుమించి దానికి ఆధారం లేదు.

ఒక గురువారం సంతలో ఆటో చుట్టూ జనం మూగి ఉన్నారు. అప్పుడు నాగరత్తమ్మ అనే పెద్దావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె ఇల్లు సంత వెనక వీధిలోనే. కూతురు శ్యామల కాన్పుకొచ్చి, మగబిడ్డను కని, ఆ ఆదివారమే అత్తవారింటికి వెళ్లబోతోంది. మనవడికేమో రాత్రినుంచీ ఒకటే జలుబు. బిడ్డను జలుబుతో పంపితే అల్లుడివాళ్లు ఏమనుకుంటారోనని ఆవిడ బెంగ.

"నాయనా, మా మనవడికి ముక్కు దిబ్బడేసింది. పాలు కూడా తాగలేకపోతున్నాడు. నిజంగా పసిబిడ్డకు పట్టించొచ్చా?" అని అడిగింది.

కోటిలింగం అప్పుడు హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ల బేరంలో మునిగి ఉన్నాడు. తలెత్తి చూడను కూడా లేదు. "నిక్షేపంలా పట్టించమ్మా!" అన్నాడు.

"వాడికింకా ఐదో నెల నాయనా."

"ఐదో నెలైతేనేం, ఐదో రోజైతేనేం? చెట్టు సరుకమ్మా! తల్లిపాలంత చల్లన."

తల్లిపాలట! విన్నారా విడ్డూరం?

పాపం, ఆవిడ ఇంకా జాగ్రత్తపరురాలు. వెళ్లబోతూ మళ్లీ వెనక్కి తిరిగింది. "కాస్త ఎక్కువైతే ఏమీ కాదు గదా?"

"ఎక్కువైతే ఇంకా మంచిది!" అన్నాడు కోటిలింగం. అని, సీసా ఆమె చేతిలో పెట్టి, మళ్లీ తన బేరం వైపు తిరిగాడు.

కాసేపయింది. సంత మంచి జోరుమీద ఉంది. ఇంతలో కూరగాయల వరస అవతలినుంచి ఒక కేక వినిపించింది. అది మనిషి పెట్టే కేకలా లేదు. జనం పక్కకు తప్పుకున్నారు. నాగరత్తమ్మ చెప్పుల్లేకుండా, జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొస్తోంది. ఆమె భుజంమీద బిడ్డ ఉన్నాడు. వాడి తల అటూ ఇటూ వేలాడుతోంది.

"నాయనా! వీడు కళ్లు తెరవడం లేదు నాయనా! చూడవయ్యా!"

కోటిలింగం బిడ్డమీదికి వంగాడు. ఆ చిన్న నోట్లోంచి గుప్పుమని జామాయిల్ వాసన కొట్టింది. 

"ఎక్కడ... ఎక్కడ రాశావమ్మా?"

"రాయడమేంటి నాయనా? పట్టించాను. నువ్వు చెప్పినట్టే ఉగ్గుగిన్నెతో పట్టించాను."

కోటిలింగం అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

చూశారా, ఎంత పని జరిగిందో! తలకు నూనె పట్టించడమంటే రాయడం. బిడ్డకు ఆముదం పట్టించడమంటే తాగించడం. మన ఇళ్లలో రెండింటికీ ఒకటే మాట. పొద్దున లేస్తే రెండు రకాలుగానూ వాడతాం. నాగరత్తమ్మ తన నలుగురు బిడ్డలకూ ఉగ్గుగిన్నెతోనే ఆముదం పట్టించింది. మరి తైలం పట్టించమంటే ఆవిడ ఏం చేస్తుంది? అదే చేసింది! ఆ మాటకు రెండర్థాలున్నాయన్న సంగతి ఇన్నేళ్లుగా అరిచి అమ్మినవాడికి ఒక్కసారైనా తట్టలేదు.

అదే క్షణంలో నెత్తిమీద మైకు గట్టిగా అరిచింది: "పసిబిడ్డకైనా పట్టించొచ్చు!"

సంత సంతంతా కొయ్యబారిపోయింది. కోటిలింగం ఒక్క ఉదుటున లేచి మైకు తీగలు తెంపి పారేశాడు. ఎవరో "ఉప్పునీళ్లు పోసి కక్కించండి!" అన్నారు. ఇంకెవరో మజ్జిగ తెమ్మన్నారు. "వద్దు! ఇంకేమీ పోయొద్దు! ఎక్కమ్మా, ఎక్కు!" అని కోటిలింగం ఆటో తిప్పాడు. సీసాలు దొర్లిపడి భళ్లున పగులుతున్నా వెనక్కి చూడలేదు. వీధి మొదట్లో శ్యామల గుండెలు బాదుకుంటూ ఎదురొచ్చింది. ఆమెనూ ఎక్కించుకున్నాడు.

దారిలో బిడ్డ ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకుని కొట్టుకోవడం మొదలుపెట్టింది. "అమ్మా! వీడికేదో అయిపోతోందే!" అని శ్యామల పెట్టిన కేకకు కోటిలింగం పై ప్రాణాలు పైనే పోయాయి. తన ఆటో ఇంత నెమ్మదిగా పోతుందని అతనికి ఆ రోజే తెలిసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బిడ్డను లాక్కున్నట్టే అందుకుని, ముక్కుకు ఆక్సిజన్ పెట్టించి, "ఏం పోశారు?" అని అడిగింది. నాగరత్తమ్మ కొంగుముడి విప్పి సీసా చూపించింది.

"ఎంత?"

"గిన్నె అడుగు తడిసేంత పోశానమ్మా. కొంత ఉమ్మేశాడు. కొంత మింగాడు."

"కక్కించారా?"

"లేదమ్మా."

"అదొక్కటే మీరు చేసిన మంచి పని. కక్కి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది."

కోటిలింగం తలుపు దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. ఉండబట్టలేక నోరు తెరిచాడు. "డాక్టరుగారూ, అది అచ్చమైన తైలమండీ. చుక్క కల్తీ లేదు."

డాక్టరమ్మ అతనివైపు తిరిగింది. "కల్తీ ఉంటే కాస్త నయమయ్యేదయ్యా! అచ్చమైంది కాబట్టే ఇంత పని చేసింది. బండెడు ఆకు సారమంతా చిన్న సీసాలోకి దించి, ఈ గుప్పెడు బిడ్డ నోట్లో పోస్తారా? ఉమ్మెత్తకాయ కూడా చెట్టుకే కాస్తుంది. తినిపిస్తావా?"

"నేను... నేను రాయమన్నానండీ. తాగించమనలేదు."

"ఇంత పసివాడికి రాయడం కూడా తప్పే. ముక్కు దగ్గర రాస్తే చాలు, ఊపిరి బిగుసుకుపోవచ్చు. రాయొచ్చని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగలేదు. ఏ పాలపిండివాడి మాటో తెచ్చి తన తైలానికి తగిలించుకున్నాడు.  డాక్టరమ్మ లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది.

వరండాలో శ్యామల తల్లిమీద విరుచుకుపడింది. "నాకొక్క మాట చెప్పకుండా ఎందుకు పట్టించావే? నీ చేతులారా నా బిడ్డ ప్రాణం తీశావు కదే!"

నాగరత్తమ్మ కూతురి ముందు నేలమీద కూలబడింది. "నాదే తప్పే తల్లీ. ఆయన ఏదో చెప్పే ఉంటాడు. నేనే సరిగ్గా వినుండను. సంతలో గోల, నావి ముసలి చెవులు..."

ఆ మాట కోటిలింగం చెవిన పడింది. పడగానే, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, అతని గుండెలమీద బరువు కాస్త దిగినట్టయింది. ఆవిడే ఒప్పుకుంటోంది కదా! తను నోరు మూసుకుంటే చాలు. ఆవిడ వినలేదు, పొరబడింది, అంతే. పోలీసులుండరు, పరువు పోదు. ఛీ! లోపల బిడ్డ ప్రాణం అటో ఇటో అని ఉంటే మనిషి మనసు ఎలాంటి లెక్కలు వేస్తుందో చూడండి!

"వాడు బతికినా సరే, ఇకమీద నువ్వు వాణ్ని ముట్టుకోవద్దు. వాడి దగ్గరికే రావద్దు!" అంది శ్యామల.

 నాగరత్తమ్మ మెల్లగా తన రెండు చేతులూ కొంగుకింద దాచేసుకుంది. దొంగతనం చేసిన పిల్లలు దాచుకున్నట్టు దాచుకుంది.

అది చూశాక కోటిలింగం ఇక నిలబడలేకపోయాడు.

"అమ్మాయ్, మీ అమ్మ సరిగ్గానే విన్నది. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగింది. పసిబిడ్డకు పట్టించొచ్చా అంటే నిక్షేపంలా అన్నాను. ఐదో నెల అంటే ఐదో రోజైనా ఫర్వాలేదన్నాను. ఎక్కువైతే అంటే ఇంకా మంచిదన్నాను. తలెత్తి ఆమె మొహం కూడా చూడలేదు. ఆ తైలం పిల్లలకు ఏం చేస్తుందో నాకు తెలియదమ్మా. తెలియకుండానే చెప్పాను."

శ్యామల నిర్ఘాంతపోయింది. లేచి వచ్చి అతని చొక్కా పట్టుకుని ఊపేసింది. "తెలియకపోతే తెలియదని చెప్పలేవా? అంత మాట నీ నోటికి బరువైందా? అది చెప్పి ఉంటే మా అమ్మ బిడ్డనెత్తుకుని ఇక్కడికి వచ్చేది కదయ్యా!"

 వచ్చేవాళ్లు పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. అతను తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. చొక్కా విడిపించుకోలేదు.

చాలాసేపటికి లోపలినుంచి సన్నగా ఏడుపు వినిపించింది. మొదట పిల్లి కూనలా, తర్వాత గట్టిగా. డాక్టరమ్మ తలుపు తీసి, "ఏడుస్తున్నాడు. ఇంకా కొన్నాళ్లు ఇక్కడే ఉంచి చూడాలి. గండం మాత్రం గడిచింది" అంది. శ్యామల లోపలికి పరుగెత్తింది. కోటిలింగం గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత కోటిలింగం తైలం అమ్మడం మానలేదు. కానీ సీసా చేతికిచ్చే ముందు, "ఇది తాగేది కాదు. పసిబిడ్డలకు రాసేదీ కాదు. పెద్దవాళ్లయినా రెండు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి రాసుకోవాలి" అని చెప్పేవాడు. రెండుసార్లు చెప్పి, విన్నవాళ్ల నోట తిరిగి చెప్పించేవాడు. ఇంకేమైనా అడిగితే, "నాకు తెలియదమ్మా, డాక్టరునడగండి" అనేవాడు. కొందరు నవ్వి వెళ్లిపోయేవారు. పోనీలే అనుకునేవాడు.

బిడ్డను ఇంటికి పంపిన రోజున అతనే ఆటో తెచ్చాడు. ఆస్పత్రి మెట్లమీద శ్యామల ఆగి, కళ్లు తుడుచుకుని, బిడ్డను తల్లికి అందించబోయింది. "ఏదో బాధలో నోరు జారానమ్మా. ఇదుగో, ఎత్తుకో" అంది.

నాగరత్తమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "వద్దే తల్లీ. నా చేతులంటే నాకే భయంగా ఉంది. నువ్వే ఎత్తుకో" అంది.

బిడ్డ అమ్మమ్మను చూసి బోసినవ్వు నవ్వుతూ చేతులు చాచాడు. ఆవిడ చేతులు మాత్రం కొంగుకిందనుంచి రాలేదు. కోటిలింగం అది చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ భయం ఆమె చేతుల్లో ఎవరు పెట్టారో అతనికి తెలుసు.

అందుకే పిల్లలూ, పెద్దలూ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: సరుకు స్వచ్ఛంగా ఉంటే చాలదు, దాని గురించి చెప్పే మాట కూడా అంత స్వచ్ఛంగా ఉండాలి, తెలియనిది తెలిసినట్టు చెప్పే నోరు మంచి మందును కూడా విషం చేస్తుంది.