పెట్టెలో ఉన్న మందు

కృపావతి, ఇరవై ఎనిమిదేళ్ళు, కొండమొక్కల మీద డాక్టరేటుకి పరిశోధన చేస్తోంది. కొండ దిగి వచ్చిన రోజు గోళ్ళలో మట్టి తియ్యకుండానే అన్నానికి కూర్చునేది.

జూన్‌లో ఒక సోమవారం ఆమె అన్నం కూడా మానేసి మంగతాయారుగారి గదికి వచ్చింది. మంగతాయారుగారు యూనివర్సిటీ హెర్బేరియంలో, అంటే అట్టలకు కుట్టిన ఎండుమొక్కల్ని బీరువాల్లో దాచే చోట, ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్నారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళలో ఆరుగురు ప్రొఫెసర్లయ్యారు, ఆమె కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే "చీర కట్టుకొచ్చానుగా" అనేవారు. ప్రశ్న అడిగితే అవుననీ కాదనీ చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఏదో ఒక బీరువా తెరిచేవారు.

"మేడమ్, పైకొండ మీద ఒక మొక్క దొరికింది. ఏ పుస్తకంలోనూ లేదు. మొత్తం ఏడు మొక్కలున్నాయి. గైడుగారు ఏడూ వేళ్ళతో సహా తెమ్మంటున్నారు. అయిదు హెర్బేరియాలకు పంపాలట, రెండు చెడిపోతే పనికొస్తాయట. తేకపోతే డాక్టరేటు మాట మర్చిపొమ్మన్నారు. తేవచ్చా?"

"ఏడేనా? సరిగ్గా వెతికావా?"

"రెండు వానాకాలాలు తిరిగాను మేడమ్. ఏడే."

"గైడుగారు కొండెక్కి చూశారా?"

"ఆయనకి మోకాళ్ళ నొప్పులు."

"కొండెక్కని వాళ్ళకే ఆకలెక్కువ" అంటూ మంగతాయారుగారు చేతులకు తొడుగులు వేసుకుని, చివరి బీరువా లోంచి ఒక పాత అట్ట తీసి బల్ల మీద పెట్టారు. అట్ట మీద గోధుమరంగుకు తిరిగిన చిన్న మొక్క ఉంది. వేరు చివరి పోగు దాకా చెక్కుచెదరలేదు.

దాన్ని తెచ్చినవాడు ఎర్న్‌స్ట్ లాంగ్‌హోఫ్ అనే జర్మనువాడు. నూటయాభై ఏళ్ళ కిందటి మాట, అంటూ మంగతాయారుగారు చెప్పుకొచ్చారు. మందుల కొట్టువాడి కొడుకు. పదేళ్ళకే ఊరి చుట్టూ ఉన్న మొక్కలన్నిటికీ పేర్లు చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళకు ఓడెక్కి ఆఫ్రికా తీరం చూశాడు, జావా అడవుల్లో జ్వరంతో మూడు నెలలు పడుకున్నాడు, చివరికి రాజమండ్రిలో దిగాడు. ఒక మునిషీ దగ్గర ఏడాది తెలుగు నేర్చుకుని, పడవ మీద గోదావరికి ఎదురెక్కి కొండల్లోకి పోయాడు. మనుషుల్ని కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. పన్నెండు మ్యూజియాలకు మాటిచ్చాడు గనక ప్రతి మొక్కనూ పన్నెండు అట్టలుగా చేసేవాడు. ప్రతిదానికీ వేరు, ఆకు, పువ్వు, కాయ ఉండాలి. విరిగింది పనికిరాదు.

వానాకాలంలో మొక్కల మధ్య కాగితాలు రోజుకు రెండుసార్లు మార్చకపోతే బూజు పడుతుంది. ఆ పనికి సింగమ్మ అనే కొండరెడ్ల మంత్రసాని కుదిరింది. తడి కాగితాలన్నీ పొయ్యి మీద తడికె పరిచి ఆరబెట్టేది. అతని డైరీలో ఆమె పేరు లేదు. "కాగితాలు మార్చే మనిషి, స్త్రీ" అని ఉంది. సామాను మోసిన గుర్రానికి మాత్రం లీజెల్ అని పేరుంది.

కొండ మీద ఆడవాళ్ళు దుంప తవ్వితే కింది సగమే తీసుకుంటారు. మొలకెత్తే తలను మళ్ళీ గుంటలో పెట్టి, మడమతో మట్టి నొక్కి, "నీది నీకే" అని చెప్పి వస్తారు. లాంగ్‌హోఫ్ దీన్ని మూఢనమ్మకాల కింద రాసుకున్నాడు. సింగమ్మ తెచ్చిన సగం వేళ్ళను తిప్పి పంపేశాడు.

"సంపూర్ణముగా ఉండవలెను. ఖండితమైనది నాకు అక్కరలేదు" అన్నాడు.

"దొర మాట పురాణం చదివినట్టుంటది, పని చూస్తే పందికొక్కు పని" అని సింగమ్మ పొయ్యి దగ్గరి ఆడవాళ్ళతో అంది. వాళ్ళు నవ్వారు. మునిషీ నేర్పని మాట గనక అర్థం కాక లాంగ్‌హోఫ్ కూడా నవ్వాడు.

కాన్పులో రక్తం ఆగనివాళ్ళకు ఆమె ఒక వేరు నూరి పట్టేది. అది ఒకే ఒక్క చరియలో, తడి బండ కింద, పదమూడు మొక్కలుగా ఉండేది. ఎక్కడుందని దొర అడిగాడు. అడిగితే చూపించడం కొండ మర్యాద, చూపించింది. పన్నెండు తవ్వాడు. మర్నాడు ఒకటి బూజు పట్టింది. పదమూడోదానికి వెళ్ళాడు.

"దొరా, ఒక్కటుంచు. కొండకి మొదలుండాల."

"ఒక్కటి తగ్గిన ఒక మ్యూజియమునకు నేను అసత్యము చెప్పినట్లగును" అన్నాడు. నిజాయితీపరుడు. తవ్వేశాడు.

తర్వాత రెండు నెలలకు సింగమ్మ కూతురు లచ్చికి తొలికాన్పు వచ్చింది. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది. రక్తం ఆగలేదు. సింగమ్మ వానలో చరియ దాకా పరిగెత్తింది. అక్కడ నీళ్ళు నిండిన గుంతలున్నాయి. అటునుంచి అటే దొర గుడారానికి వచ్చింది. రేవులో పడవ కోసం పెట్టెలన్నీ మేకులు కొట్టి సిద్ధంగా ఉన్నాయి.

"పెట్టి తియ్యి దొరా. నా బిడ్డ పోతా ఉంది. ఆ వేరు కావాల."

లాంగ్‌హోఫ్ తనే సుత్తి తెచ్చి మేకులు ఊడబెరికాడు. తొందరలో బొటనవేలు చీల్చుకున్నాడు. మూత లేచింది. పన్నెండు అట్టలున్నాయి, పన్నెండు వేళ్ళూ దివ్యంగా ఉన్నాయి. సింగమ్మ చెయ్యి చాచింది. అప్పుడు అతనికి గుర్తొచ్చింది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టవద్దు. విషము పూసినాను."

పెట్టెలో పెట్టేముందు ఒక్కొక్క మొక్కనూ పాషాణం కలిపిన సారాయిలో ముంచాడు. ఆ కాలంలో శ్రద్ధగలవాళ్ళు చేసే పనే అది.

"మందుకి విషమెందుకు పూసినావు దొరా?"

"పురుగులు తినకుండుటకు."

సింగమ్మ పెట్టెలోకి చూసింది. "మనుసులు కూడా తినకుండ చేసినావు" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి లచ్చి చచ్చిపోయింది.

ఆ రోజు డైరీలో నాలుగు ముక్కలున్నాయి. "వాన. పడవ ఆలస్యము. పెట్టె మూత తిరిగి బిగించితిని. కాగితాలు మార్చే మనిషి రాలేదు."

తర్వాత అతను స్వదేశం వెళ్ళాడు. తివాచీ లేని నేల మీద అడుగు పెట్టి ఎరగని ఒక రాణిగారి పేరు ఆ మొక్కకు పెట్టాడు. పతకం వచ్చింది. ఏళ్ళ తరబడి పాషాణంలో ముంచిన చేతులు వణకడం మొదలుపెట్టాయి, పళ్ళు రాలాయి. తండ్రి మందుల కొట్టు మీద గదిలో యాభై రెండేళ్ళకు పోయాడు. చివరి మూడేళ్ళూ అతని నోట్లో గంజి పోసింది పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన చెల్లెలు. ఆమె పేరు కూడా ఎక్కడా లేదు. పన్నెండు అట్టల్లో తొమ్మిది యుద్ధంలో తగలబడ్డాయి, మిగిలిన మూడింట్లో ఇదొకటి. ఆ మొక్కను మళ్ళీ ఎవరూ ఏ కొండ మీదా చూడలేదు.

మంగతాయారుగారు అట్ట మీద దుమ్ము ఊదబోయి, ఊదకుండా ఆగారు.

కృపావతి అడిగింది. "ఇదంతా మీకెలా తెలుసు మేడమ్? డైరీలో నాలుగు ముక్కలేగా ఉన్నాయి?"

"ఆ కాన్పులో పుట్టిన పిల్ల బతికింది. దాని మనవరాలు చెప్పింది, నేను నీ వయసులో ఉన్నప్పుడు."

"అది నిజమని రుజువేముంది?"

"ఏమీ లేదు. డైరీ ఒక్కటే నిజమనుకుంటే లచ్చి అసలు చావనే లేదు. అలా అనుకుంటే హాయిగానే ఉంటుంది, అనుకో."

కృపావతికి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. "అయినా ఆయన తప్పేముంది మేడమ్? ఇవ్వనన్లేదుగా! అడగ్గానే పెట్టె తెరిచాడుగా! మంచివాడేగా!"

"మంచివాడే" అన్నారు మంగతాయారుగారు, అట్టను బీరువాలో పెడుతూ. "కొండ మీదికి మంచివాళ్ళు వస్తున్నారంటేనే నాకు దిగులమ్మా."

జూలై రెండో వారంలో కృపావతి కొండెక్కి, గైడుగారు చెప్పినట్టే ఏడు మొక్కలూ వేళ్ళతో సహా పెకలించి తెచ్చింది.