ముందు గెలుపా, ముందు బంతా?

విరజాపురం దివాణంలో వంట చేసే నాంచారికి కాలిబంతి ఆటంటే ప్రాణం. ఊళ్ళో ఆడవాళ్ళ జట్టుకు నాయకురాలు కూడా ఆమే. మగవాళ్ళకు పచ్చిక మైదానం, తోలుబంతులు, ఆట నేర్పే గురువు ఉంటే, వీళ్ళకు ముళ్ళ బీడులో గుడ్డబంతే గతి. అడగబోతే మంత్రి భద్రప్ప, "ముందు పొరుగు రాజ్యం మీద గెలిచి రండి, తర్వాత చూద్దాం" అని మీసం దువ్వాడు.

మర్నాడు రాజుగారి పక్కన భోజనానికి కూర్చున్న మంత్రి విస్తట్లో ఒక్క మెతుకైనా పడలేదు.

"నాకు వడ్డించవేమే?" అని అరిచాడు మంత్రి.

"ముందు త్రేన్చండి అయ్యగారూ, తర్వాత వడ్డిస్తాను," అంది నాంచారి.

"తినకుండా త్రేన్పెలా వస్తుందే?"

"మైదానం, బంతి లేకుండా గెలుపెలా వస్తుందో అలాగే వస్తుందండీ!"

సంగతి కనుక్కున్న రాజు పకపకా నవ్వి, మైదానం, బంతులు, గురువు అన్నీ అప్పటికప్పుడు మంజూరు చేశాడు. మంత్రికి అన్నం ఆ తర్వాతే పడింది.