నూకాలు దాచిన చీర

మహాగిరి రాజ్యంలో సింహాసనం ఎక్కినవాణ్ణి ఏడాది తిరక్కుండానే దించేస్తున్నారు. దించినప్పుడల్లా ఓడినవాళ్ళు ఏరు దాటి, పక్కనున్న బుల్లి దేశం ఏటిపాడుకి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. వాళ్ళకి గంజి పోసి పోసి ఏటిపాడు గాదెలు అడుగంటాయి. అయినా ఎవర్నీ పొమ్మనలేదు.

ఒకరోజు మహాగిరి కొత్త సేనాపతి చండవర్మ, సైన్యాన్ని అవతలి ఒడ్డున నిలిపి, ఏటిపాడులో పడవ నడిపే నూకాలు అనే ఆమె పడవెక్కి ఇవతలికి వచ్చాడు. పడవ ఊగినప్పుడల్లా అతను అంచు పట్టుకున్న తీరు చూసి నూకాలు గుర్తుపట్టేసింది.

"మా ద్రోహుల్ని సాయంత్రంలోగా అప్పగించండి. లేకపోతే మీ దేశాన్ని తొక్కేస్తాను!" అని గర్జించాడు చండవర్మ. ఒడ్డున నిలబడ్డ ఏటిపాడు రాజు ఓ అడుగు వెనక్కి వేశాడు.

నూకాలు తెడ్డు భుజాన వేసుకుని ముందుకొచ్చింది. "అప్పగించం దొరా."

"ఎంత పొగరు!"

"పోయిన వానాకాలం అప్పటి సేనాపతి కూడా ఇక్కడే నిలబడి ఇలాగే అరిచాడు. ఆ రోజు నా పడవలో చేపల బుట్టల వెనక, చీర కట్టుకుని ఒకాయన వణుకుతూ కూర్చున్నాడు. ఆయన్నీ అప్పగించలేదు. అప్పగించి ఉంటే ఇవాళ మమ్మల్ని బెదిరించడానికి ఎవరొచ్చేవాళ్ళు? అప్పగించే అలవాటు ఇప్పుడు మొదలెట్టమంటే మొదలెడతాం. మళ్ళీ మీ రాజు మారినప్పుడు మాత్రం ఈ ఒడ్డుకి రాకండి."

చండవర్మ చెయ్యి కత్తి మీంచి జారింది. వెనక్కి నడిచి పడవెక్కాడు. నడి ఏట్లో గొంతు తగ్గించి, "పడవ అడుగున నీళ్ళూరుతున్నాయి. బాగు చేయించు," అన్నాడు.

"చేయిస్తాను దొరా," అంది నూకాలు. "చీర కూడా ఉతికి దాచాను."